96 నిమిషాల బడి

పల్లెల్లో చదువుకుంటున్న ప్రతి 100 మంది పిల్లల్లో 66 మంది ప్రభుత్వ బడుల్లో ఉన్నారు. పట్టణాలకు వచ్చేసరికి ఆ సంఖ్య 30కి పడిపోతుంది. జాతీయ గణాంక కార్యాలయం 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా దేశమంతటా 52,085 కుటుంబాలను కలిసి, 57,742 మంది విద్యార్థుల వివరాలు రాసుకుని తేల్చిన లెక్క ఇది. పల్లెలో ఇద్దరు సర్కారు బడికి పోతే ఒకరు వేరే బడికి పోతున్నారు. పట్నంలో ముగ్గురు సర్కారు బడికి పోతే ఏడుగురు వేరే దారి పట్టారు.

ఎందుకిలా అని అడిగితే అందరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంటుంది. ఇంగ్లిషు మోజు అంటారు, పరువు అంటారు, సర్కారు టీచర్లు సరిగ్గా చెప్పరు అంటారు. ఈ మాటల్లో నిజం లేదని నేననను. కానీ 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిషు మీడియం పెట్టారు. లోటు ఇంగ్లిషు ఒక్కటే అయితే ఆ తర్వాత బడులు నిండాలి. రెండేళ్లు తిరిగేసరికి, కేంద్ర విద్యాశాఖ బడుల వివరాలతో తెచ్చే యూడైస్ ప్లస్ నివేదిక 2024-25 లెక్కల్లో, ఒక్క విద్యార్థీ లేని బడులు దేశం మొత్తంలో 7,993 ఉంటే వాటిలో 2,245 తెలంగాణవే. ఇక టీచర్ల సంగతి. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు పోటీ పడి నెగ్గినవాళ్లు చిన్న ప్రైవేటు బడుల్లో పనిచేసేవాళ్ల కంటే చదువులో తక్కువవాళ్లేమీ కాదు. మరి తేడా ఎక్కడుంది? బడిని ప్రభుత్వం ఏ కొలతతో కొలుస్తోంది, తల్లిదండ్రులు ఏ కొలతతో కొలుస్తున్నారు అన్న దగ్గర ఉంది. హైదరాబాద్ నగరాన్ని తీసుకుని ఆ లెక్క విప్పి చూద్దాం.

ఇంటికి పడే ఖర్చు

ముందు డబ్బు. అదే సర్వే ప్రకారం ప్రభుత్వ బడిలో చదివే పిల్లాడి మీద ఇంటివాళ్లు ఏడాదికి పెట్టే సగటు ఖర్చు 2,863 రూపాయలు. ప్రభుత్వేతర బడిలో అయితే 25,002 రూపాయలు. దాదాపు తొమ్మిది రెట్లు. ఇవి దేశవ్యాప్త సగటులు, అన్ని తరగతులూ కలిపి వేసినవి. లక్షలు వసూలు చేసే బడీ ఇందులోనే ఉంది, రేకుల షెడ్డులో నడిచే బడీ ఇందులోనే ఉంది. కాబట్టి మీ వీధిలో బడికి ఈ అంకె అచ్చంగా సరిపోదు. అయినా భారం ఎంతో అంచనా వేయడానికి పనికొస్తుంది.

నెలకు 15,000 తెచ్చుకునే కుటుంబం ఒకటి అనుకోండి. ఇద్దరు పిల్లలు. ఇద్దరినీ సగటు ప్రైవేటు బడిలో వేస్తే ఏడాదికి 50,004 రూపాయలు. ఏడాది సంపాదన 1,80,000. అంటే వందకు దాదాపు 28 రూపాయలు బడికే పోతాయి. ఇంటి అద్దె, గ్యాసు, బియ్యం, ఆస్పత్రి మిగిలిన 72లో చూసుకోవాలి. సర్కారు బడికి పంపితే ఆ ఖర్చు 5,726 రూపాయలతో సరిపోయేది. పుస్తకాలు ఉచితం, యూనిఫాం ఉచితం, మధ్యాహ్నం భోజనం ఉచితం. ఇన్ని వదులుకుని, అప్పు చేసి మరీ ఫీజు కట్టే తల్లిని మోజు మనిషి అనడం నాకు ఎప్పుడూ సబబుగా తోచలేదు. ఆమె తన సంపాదనలో నాలుగో వంతు కంటే ఎక్కువ పెట్టి ఏదో కొంటోంది. అది ఏమిటో చూడాలి.

పాతబస్తీలో ఇది కొత్తగా వచ్చింది కాదు. న్యూకాసిల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ టూలీ, పాలీన్ డిక్సన్ ఇరవై ఏళ్ల కిందటే చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ ప్రాంతాల్లో గల్లీ గల్లీ తిరిగించి బడులు లెక్క పెట్టించారు. 918 బడులు దొరికాయి. వాటిలో మూడో వంతుకు పైగా గుర్తింపు లేకుండానే నడుస్తున్నాయి. ప్రతి 100 మంది పిల్లల్లో 65 మంది ఎయిడ్ లేని ప్రైవేటు బడుల్లోనే ఉన్నారు. అప్పటికి విద్యాహక్కు చట్టం రాలేదు, కార్పొరేట్ స్కూళ్ల హోర్డింగులు ఇంతగా లేవు. పేదలు అప్పుడే సర్కారు బడి దాటి నడిచారు.

అంతకంటే వెనక్కి పోతే ప్రైవేటు బడికి ఈ నగరంలో గౌరవప్రదమైన చరిత్రే ఉంది. నిజాం కాలంలో ప్రభుత్వ విద్య ఉర్దూలో సాగుతుంటే తెలుగు ఆడపిల్లల కోసం మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో బాలికల పాఠశాల పెట్టారు. వివేకవర్ధని బడిదీ అలాంటి కథే. ప్రభుత్వం చేయని పనిని జనం పూనుకుని చేశారు. ఇప్పుడూ జనమే చేస్తున్నారు, కాకపోతే చందా బదులు ఫీజు కడుతున్నారు.

కిలోమీటరు కొలత

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పించే బాధ్యత ప్రభుత్వానిదని చెప్పింది. ఈ హక్కుకు మూలమైన తీర్పుల్లో ఒకటి తెలుగు నేల నుంచి వెళ్లిన కేసులోదే: 1993 నాటి ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్. చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి పిల్లాడి ఇంటికి 1 కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి 3 కిలోమీటర్ల లోపు ఉండాలి.

పల్లెకు ఇది మంచి కొలతే. వాగు దాటి పోయే బాధ తప్పింది, తండాలకు బడి వచ్చింది. నగరంలో ఇదే కొలత పెడితే ఏమవుతుందో చూడండి. 2011 జనగణనలో హైదరాబాద్ జిల్లా జనాభా 39.43 లక్షలు, విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకు 18 వేల పైచిలుకు జనం. ఒక బడి చుట్టూ కిలోమీటరు దూరంలో గీత గీస్తే ఆ వలయం 3.14 చదరపు కిలోమీటర్లు. అందులో సగటున 57 వేల మంది ఉంటారు. ఒక్కో ఏడాది వయసు పిల్లలు జనాభాలో ఒకటిన్నర శాతమే అనుకున్నా, ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఆ వలయంలో 4,200 మంది పైన తేలతారు. 30 మంది పిల్లలకు ఒక టీచరు అని చట్టమే చెప్పింది కనుక వాళ్లకు 140 మందికి పైగా టీచర్లు కావాలి.

ఆ వలయంలో ఐదు గదుల ప్రభుత్వ ప్రాథమిక బడి ఒక్కటి ఉన్నా 'కిలోమీటరు లోపు బడి ఉంది' అన్న నిబంధన తీరినట్టే. 4,200 మందికి 150 సీట్లు. దూరం లెక్క సరిపోయింది, సీట్ల లెక్క ఎవరూ అడగలేదు. పల్లెలో దూరం చూస్తే చోటు కూడా చూసినట్టే, ఎందుకంటే ఊరికి బడి ఒకటి, పిల్లలు అరవై డెబ్బై మంది. నగరంలో ఈ రెండూ వేర్వేరు విషయాలు. చట్టం రాసినవాళ్ల మనసులో ఉన్నది పల్లె బడి అని నాకనిపించేది ఇక్కడే.

పైగా నగరంలో కిలోమీటరంటే కిలోమీటరు కాదు. మధ్యలో మెట్రో పిల్లర్ల కింద ఆరు వరుసల రోడ్డు ఉంటే, ఏడేళ్ల పిల్లకు 400 మీటర్లు కూడా దాటలేని దూరమే. ప్రైవేటు బడి వ్యానో, నెలవారీ ఆటోనో గుమ్మం ముందుకు వస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడపిల్లలకు ఏ వయసువారికైనా టికెట్ లేకపోవడం హైస్కూలు పిల్లలకు నిజంగా మేలు చేసింది. ఒకటో తరగతి పిల్ల మాత్రం ఒంటరిగా బస్సెక్కలేదు.

ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు

ఇప్పుడు అసలు లెక్క. చట్టం షెడ్యూలులో టీచర్ల పట్టిక ఒకటి ఉంది. ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న బడిలో పిల్లలు 60 లోపు ఉంటే ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 ఉంటే ముగ్గురు. 91 నుంచి 120 ఉంటే నలుగురు. 120 దాటితేనే ఐదుగురు. అదే షెడ్యూలులో ఇంకో వరుస ఉంది: ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పని దినాలు, 800 బోధన గంటలు. అంటే రోజుకు 4 గంటలు. 240 నిమిషాలు.

రెండు వరుసలూ కలిపి చదివితేనే విషయం బయటపడుతుంది. 55 మంది పిల్లలున్న బడి. ఐదు తరగతులు. ఇద్దరు టీచర్లు. ఒకరు ఒకటి, రెండు తరగతులను ఒక గదిలో కూర్చోబెడతారు, ఇంకొకరు మూడు, నాలుగు, ఐదు తరగతులను ఇంకో గదిలో. బడి నాలుగు గంటలు జరుగుతుంది కానీ ఒక తరగతికి పాఠం చెబుతుంటే మిగిలిన తరగతి రాసుకుంటూ ఉండాలి. ఇద్దరు టీచర్ల 480 నిమిషాలను ఐదు తరగతులకు పంచితే తరగతికి వచ్చేది 96 నిమిషాలు. ఒక టీచరు సెలవు పెట్టిన రోజు 48.

ఆ 96 నిమిషాల్లో తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం నాలుగూ రావాలి. ఒక్కో సబ్జెక్టుకు 24 నిమిషాలు. అందులోనే హాజరు వేయాలి, భోజనం లెక్క ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, సమీక్షకు రమ్మని పిలిస్తే పోవాలి. మూడో తరగతి పిల్లలు భాగహారంలో చిక్కుకుని ఉంటే, అదే గదిలో ఇటు తిరిగి కూర్చున్న ఐదో తరగతికి భిన్నాలు మొదలుపెట్టాలి. రెండు గోడలకు రెండు నల్లబల్లలు, వీపులు ఆనించుకున్నట్టు కూర్చున్న రెండు తరగతులు. ఒక గొంతు రెండు పాఠాలు. ఇలాంటి గదిలో గంటసేపు కూర్చుంటే టీచరు చెప్పట్లేదు అనే మాట నోట రాదు. ఆ టీచరు ఎంత చెప్పినా పిల్లాడికి అందేది ఐదింట రెండు వంతులే.

ఇదే పిల్లాడు పక్క వీధిలో చిన్న ప్రైవేటు బడికి పోతే? అక్కడ టీచరు డిగ్రీ చేసి ఉండొచ్చు, బీఈడీ లేకపోవచ్చు. జీతం ప్రభుత్వ టీచరు జీతంలో చిన్న భాగం. ఆట స్థలం లేదు, గది ఇరుకు. కానీ తరగతికి ఒక టీచరు ఉన్నారు. 240 నిమిషాలూ ఆ తరగతిదే. తల్లి కొంటున్నది ఇదే. ఇంగ్లిషు పేరు, టై, బూట్లు పైకి కనిపించేవి. లోపల ఆమె కొంటున్నది తన బిడ్డ తరగతికి పూర్తిగా ఒక మనిషిని.

ఆ కొనుగోలు ఎంత ఫలితం ఇస్తుందన్నది వేరే ప్రశ్న. దీని మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పెద్ద పరిశోధన జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 180 గ్రామాల్లో లాటరీ వేసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు వోచర్లు ఇచ్చి నాలుగేళ్లు గమనించారు. తెలుగులోను, లెక్కల్లోను వోచర్ దొరికిన పిల్లలకూ దొరకని పిల్లలకూ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. అయితే ప్రైవేటు బడిలో ఒక్కో పిల్లాడి మీద అయ్యే ఖర్చు ప్రభుత్వ బడిలో అయ్యేదాంట్లో మూడో వంతు కంటే తక్కువ. ఈ ఫలితాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా చదువుతారు. నేను చదివేది ఇలా: తక్కువ అర్హత, తక్కువ జీతం ఉన్న టీచరు తరగతికి ఒకరు చొప్పున ఉండి సాధించినదాన్ని, ఎక్కువ అర్హత ఉన్న టీచరు రెండు మూడు తరగతులను ఒకేసారి చూసుకుంటూ కూడా సాధించారు. ఆ టీచరుకే ఒక్క తరగతి ఇస్తే ఏమవుతుంది? మన ప్రాథమిక బడుల్లో ఎక్కువ చోట్ల ఆ అవకాశమే ఇవ్వలేదు.

నగర పిల్లల చదువు ఎలా ఉందో ఏటా చెప్పే స్వతంత్ర సర్వే కూడా మనకు లేదు. అందరూ ఉదహరించే అసర్ నివేదిక గ్రామీణ జిల్లాలదే. రెండో తరగతి పాఠం ఎంతమంది చదవగలరన్న చర్చ ఆ నివేదిక వచ్చినప్పుడల్లా జరుగుతుంది కానీ అందులో బోరబండ పిల్లలూ లేరు, యాకుత్‌పురా పిల్లలూ లేరు.

సగటు చెప్పని సంగతి

ఇంతమంది టీచర్లుండగా కొరత ఎక్కడుందని అధికారులు అడుగుతారు. వాళ్ల చేతిలో ఉన్న అంకె కూడా నిజమైనదే. 2024-25 యూడైస్ ప్లస్ ప్రకారం దేశంలో టీచర్ల సంఖ్య మొదటిసారి కోటి దాటింది. పునాది దశలో 10 మంది పిల్లలకు ఒకరు, తర్వాతి దశలో 13 మందికి ఒకరు ఉన్నట్టు సగటు. చట్టం అడిగింది 30కి ఒకరినే కదా!

అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. ఒకే ఒక్క టీచరుతో నడిచే బడులు 1,04,125. వాటిలో 33.76 లక్షల మంది పిల్లలు. బడికి సగటున 32 మంది. ఈ వరుసలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, 12,912 బడులు. 32 మందికి ఒక టీచరు అంటే నిష్పత్తి కొంచెమే ఎక్కువ, కాగితం మీద పెద్ద లోపం కనిపించదు. ఆ 32 మంది ఐదు తరగతుల్లో ఉన్నారన్నది నిష్పత్తిలో కనిపించదు. అక్కడ తరగతికి వచ్చేది రోజుకు 48 నిమిషాలు.

ఇక్కడి నుంచి బడి జారుడు మొదలవుతుంది. 65 మంది ఉన్నప్పుడు ముగ్గురు టీచర్లు. ఎనిమిది మంది పిల్లలు ప్రైవేటుకు పోతే 57. పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దే హేతుబద్ధీకరణ వచ్చినప్పుడు ఒక టీచరును వేరే బడికి పంపుతారు. తరగతికి 144 నిమిషాలు ఉన్నది 96 అవుతుంది. అది చూసి ఇంకో పదిమంది పోతారు. పోయిన పిల్లల కోసం టీచరును తీసేస్తారు, తీసేసిన టీచరు కోసం పిల్లలు పోతారు. చివరికి జీరో ఎన్‌రోల్‌మెంట్ పట్టికలో బడి పేరు ఎక్కుతుంది. తెలంగాణలోని ఆ 2,245 బడుల పేరు మీద 2024-25 లెక్కలో 1,016 మంది టీచర్లు ఉన్నారు. నిబంధన ప్రకారం ఎవరి తప్పూ లేదు, ప్రతి ఉత్తర్వూ సరైనదే. బడి మాత్రం పోయింది.

మూడేళ్ల వయసులో ఓడిపోయే పోటీ

జూన్‌లో బడిబాట జరుగుతుంది. టీచర్లు బ్యానర్ పట్టుకుని బస్తీల్లో ఇంటింటికీ తిరుగుతారు. గడప దగ్గర తల్లులు అడిగేవి పెద్ద ప్రశ్నలేం కావు. నర్సరీ ఉందా మేడం? వ్యాన్ వస్తదా? ఒక్కో క్లాసుకు ఒక్కో టీచరున్నరా? మొదటి ప్రశ్నకే చాలా బడుల్లో 'లేదు' అని చెప్పాల్సి వస్తుంది.

ప్రైవేటు బడి పిల్లాడిని మూడేళ్లకు తీసుకుంటుంది. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ. ప్రభుత్వ బడి ఒకటో తరగతితో మొదలవుతుంది. అప్పటికే పిల్లాడికి అక్కడ మూడేళ్ల స్నేహాలు, అలవాటైన వ్యాన్, తెలిసిన టీచరు. కదిలించమంటే ఏ తల్లి కదిలిస్తుంది? అంగన్‌వాడీ ఉంది, నిజమే. కానీ అది బడి ఆవరణలో ఉండకపోవచ్చు, అద్దె గదిలో ఉండొచ్చు, బడికీ దానికీ ఒకే రిజిస్టరు ఉండదు. విద్యాహక్కు చట్టం ఈ వయసు గురించి ప్రభుత్వం ఏర్పాటు 'చేయవచ్చు' అన్నదే కానీ 'చేయాలి' అనలేదు. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే దశగా చూడమంది. తెలంగాణలో పూర్వ ప్రాథమిక తరగతులు ఇప్పుడిప్పుడే కొన్ని బడుల్లో మొదలయ్యాయి. నగరంలో ప్రతి ప్రాథమిక బడిలో ఇవి ఉండటం ఇంగ్లిషు మీడియం కంటే ముందు చేయాల్సిన పని అని నా అభిప్రాయం.

ఎవరిని అడగాలి?

రోడ్డు గుంత పడితే కార్పొరేటర్‌ను అడుగుతాం. బడిలో టీచరు లేకపోతే? ఇది నగరవాసికి నిజంగా తెలియని విషయం, తెలియకపోవడానికి కారణం రాజ్యాంగ సవరణల్లోనే ఉంది. 1992లో పంచాయతీల కోసం చేర్చిన పదకొండో షెడ్యూలులో 'ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలు సహా విద్య' అని 17వ అంశంగా రాశారు. పురపాలికల కోసం చేర్చిన పన్నెండో షెడ్యూలులో 13వ అంశం ఉంది, అందులో సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం అన్నారు. బడి అన్న మాటే లేదు.

ముంబయి కార్పొరేషన్ మొదటి నుంచీ సొంతంగా బడులు నడుపుతోంది, ఏటా వేల కోట్ల విద్యా బడ్జెట్ పెడుతోంది. చెన్నై కార్పొరేషన్‌కూ బడులున్నాయి. విశాఖ కార్పొరేషన్‌కూ ఉన్నాయి. హైదరాబాద్ కార్పొరేషన్ బడులు నడపదు. నగరం నడిబొడ్డున ఉన్నవి నేరుగా రాష్ట్ర విద్యాశాఖవి. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలిపి 650 చదరపు కిలోమీటర్ల మహానగరం చేశాక కూడా శివార్ల బడులు పాత పేర్లతోనే మిగిలాయి. ఐటీ కంపెనీల అద్దాల మేడల మధ్య కొండాపూర్‌లో ఉన్న ఉన్నత పాఠశాల బోర్డు మీద జిల్లా పరిషత్ అనే ఉంటుంది. ఆ ప్రాంతానికి జిల్లా పరిషత్‌కు ఓటు వేసే హక్కు పోయి చాలా కాలమైంది.

దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. వెయ్యి ఫ్లాట్ల టవర్లు లేచే చోట రోడ్డు ఎంత వెడల్పు, మంచినీళ్లు ఎంత అని అనుమతి ఇచ్చేటప్పుడు చూస్తారు. ఆ టవర్లు కట్టే కూలీల పిల్లలకు, తర్వాత అక్కడ ఇళ్లలో పనిచేసేవాళ్ల పిల్లలకు ఎన్ని బడి సీట్లు కావాలో చూసే కుర్చీ ఒకటంటూ లేదు. పాత నగరంలో దీనికి తలకిందులు. ఒకే ఆవరణలో రెండు మూడు బడులు, ఒకటి ఉర్దూ మీడియం, ఒకటి తెలుగు, ఒకటి బాలికలది, ఒక్కోదానికీ విడి రిజిస్టరు, విడి హెడ్మాస్టరు కుర్చీ. కొన్ని ఇంకా అద్దె భవనాల్లో ఉన్నాయి.

నాకు ఆశ కలిగించేది కూడా ఈ రెండో సంగతే. పల్లెలో బడులు కలపడమంటే ఏదో ఒక ఊరి పిల్లలను నడిపించడం. నగరంలో అలా కాదు. ఒకే గోడ పంచుకున్న మూడు బడుల్లో 50 మంది చొప్పున ఉంటే, ఒక్కోచోట ఇద్దరు, మొత్తం ఆరుగురు టీచర్లు. మాధ్యమం ఒకటే అయిన చోట వాటిని ఒకే బడిగా చేస్తే 150 మందికి ఆరుగురు. తరగతికి ఒకరు, ఒకరు అదనం. ఒక్క కొత్త పోస్టు లేకుండా 96 నిమిషాలు 240 అవుతాయి. దీనికి షరతు ఒక్కటే: కలిపాక మిగిలారని ఆ ఆరుగురిలో ఎవరినీ తరలించకూడదు.

ఆంధ్రప్రదేశ్ అనుభవం ఇక్కడ చూడదగ్గది. 2022లో జీవో 117 తెచ్చి మూడు నుంచి ఐదు తరగతులను చాలాచోట్ల హైస్కూళ్లకు తరలించారు. ఊళ్లో మిగిలిన ఒకటి, రెండు తరగతుల బడి ఒంటరి టీచరు బడి అయింది. తల్లిదండ్రులు దూరం అన్నారు, పిల్లలు ప్రైవేటుకు పోయారు. 2025లో ఆ జీవోను పక్కన పెట్టి, దాదాపు 9,600 మోడల్ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికి ఒక టీచరు అన్న పద్ధతి పెట్టారు. ఫలితాలు తేలడానికి కొన్నేళ్లు పడుతుంది. కానీ కొలత మారింది. నిష్పత్తి నుంచి తరగతికి వచ్చారు. సరైన దిక్కు అది.

డబ్బు ఎక్కడికి పోతోంది

తెలంగాణ 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు. విద్యకు 23,108 కోట్లు. శాతం 7.6 దగ్గర. ఇప్పుడు అధికారంలో ఉన్న పార్టీ ఎన్నికల ప్రణాళికలో చెప్పింది 15 శాతం. అది నెరవేరాలంటే విద్యకు 45,745 కోట్లు రావాలి, అంటే ఇంకో 22,637 కోట్లు. ఢిల్లీ ప్రభుత్వం దాదాపు ఐదో వంతు విద్యకు పెడుతుందని చాలామంది పోల్చి చెబుతారు. ఆ పోలిక పూర్తిగా న్యాయం కాదు. ఢిల్లీ పోలీసు ఖర్చు కేంద్రానిది, అక్కడ రైతు పథకాల భారం లేదు. అయినా 7.6 తక్కువే.

తక్కువ డబ్బును ఎక్కడ పెట్టామన్నది ఇంకా ముఖ్యం. 2022 మార్చిలో మొదలైన మన ఊరు మన బడి, నగరంలో మన బస్తీ మన బడి, 26,065 బడులకు 7,289 కోట్లు. బడికి సగటున 28 లక్షలు. మరుగుదొడ్లు, ప్రహరీ, రంగులు, బెంచీలు. కావాల్సినవే, ముఖ్యంగా ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎంత కావాలో చెప్పక్కర్లేదు. కానీ ఇందులో టీచరు లేరు. ఇప్పుడు యంగ్ ఇండియా సమీకృత గురుకులాలు కడుతున్నారు. ఒక్కోదానికి 20-25 ఎకరాలు, 200 కోట్లు, 2,560 మంది పిల్లలు. సీటుకు కట్టుబడే 7.8 లక్షలు. గురుకులాల వల్ల పేద పిల్లలు ఎంత ఎత్తుకు వెళ్లారో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. అది హాస్టల్ చదువు, పై తరగతుల చదువు. ఇంట్లో ఉండి రోజూ నడిచి వెళ్లే ఆరేళ్ల పిల్లకు అది అందదు.

పోల్చి చూడండి. తెలంగాణ ప్రభుత్వ బడిలో కొత్తగా చేరే ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు, మూల వేతనం 31,040 రూపాయలు. డీఏ, నగరంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం కలిపి ఏడాదికి 6 లక్షలు వేసుకుందాం. ఇద్దరు టీచర్ల బడికి ఇంకో ముగ్గురిని ఇస్తే 18 లక్షలు. అలాంటి వంద బడులకు 18 కోట్లు. ఒక్క గురుకులం కట్టుబడి ఖర్చుతో వంద బస్తీ బడుల్లో తరగతికి ఒక టీచరును 11 ఏళ్లు నిలబెట్టొచ్చు. గురుకులం వద్దని ఈ లెక్క వేయలేదు. రెండోదాని ధర ఎంత తక్కువో తెలియాలని వేశాను.

25 శాతం సీట్ల సంగతి కూడా చెప్పాలి. ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో నాలుగో వంతు సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, 2014లో మైనారిటీ విద్యాసంస్థలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రవేశాలు నడుస్తున్నాయి. తెలంగాణలో చట్టం వచ్చి పదేళ్లు దాటాక కూడా అమలు కాలేదు. అది చట్టం ఇచ్చిన హక్కు, అమలు చేయాల్సిందే. అయితే దానివల్ల సీటు దొరికిన పిల్లకు మేలు జరుగుతుంది, ఇద్దరు టీచర్ల బడిలో మిగిలిపోయిన పిల్లకు ఒక్క నిమిషం కూడా పెరగదు.

ప్రతి ప్రభుత్వ బడి వివరాలు యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. మీ బస్తీ బడి పేరు వెతకండి. తరగతులు ఎన్ని, టీచర్లు ఎంతమంది అన్న రెండు గడులు చూడండి. టీచర్ల సంఖ్యను 240తో గుణించి తరగతుల సంఖ్యతో భాగిస్తే ఆ బడిలో ఒక్కో పిల్లకు రోజుకు ఎన్ని నిమిషాల పాఠం అందుతోందో వస్తుంది. ఆ అంకె కాగితం మీద రాసుకుని మీ ఎమ్మెల్యే దగ్గరకు వెళ్లండి, ఎందుకంటే హైదరాబాద్‌లో బడి కార్పొరేటర్ చేతిలో లేదు. మీ పిల్లలు ఆ బడిలో చదవకపోయినా వెళ్లండి. మీ ఇంట్లో పనిచేసే ఆమె పిల్లలు చదువుతున్నది అక్కడే, అడగడానికి ఆమెకు సెలవు దొరకదు.